అరిగిపోవటమే దాని పని

పిల్లలూ! సైకిలులో అన్నిటికన్న ముఖ్యమైన భాగం ఏదని ఎవరైనా అడిగితే మీరు ఏమని చెబుతారు?

నేను 30 ఏళ్ళకు పైగా బళ్ళలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా ఉండగా రిటైరయినాను. ప్రతి ఏడూ ఘర్షణ పాఠం మొదలు పెట్టే రోజున ఈ ప్రశ్న క్లాసులో వేసేవాణ్ణి. "చక్రాలండీ!" అనేవాడు ఒకడు. "గొలుసండీ!" అనేవాడు ఇంకొకడు. "పెడళ్ళు లేకపోతే గొలుసు ఎలా తిరుగుతుందండీ?" అని మూడోవాడు లేచేవాడు. వెనక బెంచీలో కూచున్న కొంటె పిల్లవాడు "బెల్లండీ!" అనేవాడు. క్లాసంతా గొల్లుమనేది. ఇన్నేళ్ళలో "బ్రేకు" అన్నవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అందరి మనసూ పోవటం మీదనే గాని, ఆగటం మీద ఉండదు.

అసలు ఆగటమంటే ఏమిటో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? మీరు సైకిలు తొక్కుతూ పోతున్నారు. మీ కాళ్ళ బలమంతా సైకిలు పరుగులోకి వెళ్ళింది. బ్రేకు పట్టుకున్నారు. సైకిలు ఆగింది. మరి ఆ బలం ఏమయింది? మాయమయిందా? ప్రకృతిలో శక్తి మాయం కావటమనేది లేదు. ఒక రూపం వదిలి మరొక రూపం ధరిస్తుంది, అంతే.

మీ అరచేతులు రెండూ గట్టిగా నొక్కి, 20 అంకెలు లెక్కపెట్టేదాకా వేగంగా రుద్ది చూడండి. చేతులు వేడెక్కుతాయి. బ్రేకులో జరిగేది కూడా ఇదే. రబ్బరు ముక్క చక్రపు రిమ్మును రాసుకుంటుంది. సైకిలు పరుగంతా వేడిగా మారి, రిమ్ములోకీ, గాలిలోకీ పోతుంది.

ఈ సంగతి మనుషులకు తెలియటానికి చాలా కాలం పట్టింది. పూర్వం పెద్ద పెద్ద పండితులు కూడా వేడి అనేది కంటికి కనిపించని ఒక ద్రవమనీ, అది ఒక వస్తువులో నుంచి మరొక వస్తువులోకి పారుతుందనీ అనుకునేవారు. రంఫర్డు ప్రభువు అనే ఆయన జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఫిరంగులు తయారు చేయించే పని చూస్తూ ఉండేవాడు. ఫిరంగి గొట్టాన్ని తొలిచేటప్పుడు అది విపరీతంగా వేడెక్కటం ఆయన గమనించాడు. ఒక ఫిరంగి దిమ్మ చుట్టూ నీళ్ళు పోయించి, గుర్రాల చేత యంత్రం తిప్పించాడు. రెండున్నర గంటలకు ఆ నీళ్ళు మరిగిపోయినాయి! అక్కడ నిప్పు అనేదే లేదు. చూడవచ్చిన వాళ్ళు నోళ్ళు తెరిచారు. ఈ ప్రయోగాన్ని ఆయన 1798 లో ప్రకటించాడు. తరవాత, 1840 నుంచి 1850 వరకూ గల సంవత్సరాలలో, ఇంగ్లండులో జేమ్స్ జౌల్ అనే శాస్త్రజ్ఞుడు ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో కొలిచి చెప్పాడు. అందుకే మనం శక్తిని "జౌళ్ళ"లో కొలుస్తున్నాం.

ఇప్పుడు మన సైకిలు లెక్క చూద్దాం. సైకిలూ, దాన్ని తొక్కే పిల్లా కలిసి 60 కిలోలు ఉన్నారనుకోండి. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. అంటే సెకండుకు 5 మీటర్లు. ఆ పరుగులో ఉన్న శక్తి 750 జౌళ్ళు. బ్రేకు వేసి ఆపితే పుట్టే వేడి, రెండు చెమ్చాల నీళ్ళను సుమారు 18 డిగ్రీలు వేడెక్కించటానికి సరిపోతుంది. "ఓస్, ఇంతేనా!" అంటారేమో. కాస్త ఆగండి. వేగం రెట్టింపయితే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో 3,000 జౌళ్ళు! అదే బలంతో బ్రేకు పట్టినప్పుడు, మొదటి వేగంలో 5 మీటర్లలో ఆగే సైకిలు, రెండో వేగంలో 20 మీటర్లు పోయిగాని ఆగదు. ఈ ఒక్క మాటా జ్ఞాపకం పెట్టుకుంటే చాలు, మీరు ఎన్నో ప్రమాదాలు తప్పించుకోవచ్చు.

ఇంత పనీ చేసేది మన బొటనవేలంత రబ్బరు ముక్క. రిమ్ము ఉక్కుదో, అల్యూమినియందో అయి ఉంటుంది. రెండూ రాసుకున్నప్పుడు మెత్తనిదే ముందు అరుగుతుంది గనక రబ్బరు అరుగుతుంది. అలా అరగటం దాని లోపం కాదు, అదే దాని ఉద్యోగం. కొద్ది ఖరీదు చేసే రబ్బరు అరిగి, చాలా ఖరీదు చేసే చక్రాన్ని కాపాడుతుంది. ఖరీదు కట్టలేని మనిషినీ కాపాడుతుంది. అయితే పూర్తిగా అరిగిపోయేలోగా దాన్ని మార్చాలి. అది నోరు తెరిచి "నా పని అయిపోయింది" అని చెప్పదు. మనమే చూసుకోవాలి.

ఇక మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

మా మనవరాలు ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. వాళ్ళ పెదనాన్నగారి అమ్మాయి తొక్కి వదిలేసిన సైకిలు ఒకటి దానికి దక్కింది. బడులు తెరవగానే ఆ సైకిలు మీద బడికి పోవాలనీ, రెండో తరగతి చదివే తమ్ముణ్ణి వెనక కారేజీ మీద కూచోబెట్టుకుని వాడి బడి దగ్గర దింపాలనీ ఇంట్లో నిర్ణయమయింది. వీడు కాళ్ళు చక్రంలో పెట్టకుండా వెనక చక్రానికి రెండు వైపులా జల్లెడ కూడా బిగించారు. పిల్ల సంతోషానికి మేర లేదు. సైకిలు కడిగింది, తుడిచింది, హ్యాండిలుకు రంగు రిబ్బన్లు కట్టింది.

మా ఇంటికీ బడికీ మధ్య రైలుకట్ట మీదుగా ఒక పెద్ద వంతెన ఉన్నది. దాని దిగువున లారీలు తిరిగే రోడ్డు. వంతెన ఎత్తు సుమారు 6 మీటర్లు. ఆ ఎత్తు నుంచి బ్రేకు వెయ్యకుండా జారితే, గాలీ ఇరుసుల రాపిడీ అడ్డుకోకపోతే, కిందికి చేరేసరికి గంటకు 39 కిలోమీటర్ల వేగం వస్తుంది. తొక్కనే అక్కర లేదు. భూమి ఆకర్షణే తొక్కిపెడుతుంది.

"ఏదీ, బ్రేకులు చూద్దాం," అన్నాను నేను.

చూస్తే ఏమున్నది? కొత్త రబ్బరుకు అడ్డంగా గాళ్ళు ఉంటాయి. రబ్బరు ఎంత అరిగిందీ వాటిని చూసి తెలుసుకోవచ్చు. గాళ్ళు కనిపించకుండా పోతే రబ్బరు మార్చాలని అర్థం. ఈ సైకిలుకు నాలుగు రబ్బర్లలో ఒక్కదానికీ గాడి లేదు. ముందు చక్రం రబ్బరు ఒకటి అరిగి అరిగి, దాని రేకు తొడుగు తళతళ మెరుస్తున్నది. ఇంకొన్నాళ్ళు పోతే రబ్బరుకు బదులు ఆ రేకే రిమ్మును గీరేది.

"కొత్తవి తెచ్చి మనమే వేద్దామా, అమ్మడూ?" అన్నాను.

పిల్ల కళ్ళు మెరిశాయి. కాని వంటింట్లో నుంచి మా కోడలు బయటికి వచ్చింది. "మామయ్యగారూ, షాపుకు పంపితే పది నిమిషాల్లో చేసి ఇస్తారు గదా! ప్రాణం మీది పని, పిల్లచేత చేయించటమెందుకండీ?" అన్నది.

ఆవిడ అన్నమాటలో తప్పు లేదు. తల్లి అలా అడగకపోతేనే తప్పు. "ప్రాణం మీది పని గనకనే తెలుసుకోమంటున్నానమ్మా. రోజూ నువ్వు వెంట వెళ్ళవు, నేనూ వెళ్ళను. చేశాక సందు చివర మెకానిక్కుకు చూపించిన తరవాతే వంతెన ఎక్కిద్దాం," అన్నాను. ఆ షరతు మీద మా కోడలు ఒప్పుకున్నది.

అరిగిన రబ్బరు ఒకటి ఊడదీసి, దాన్నే షాపుకు పట్టుకుపోయి, సరిగ్గా అలాంటివే రెండు జతలు తెచ్చాం. ఇలాటి పనుల్లో నోటితో వర్ణించటం కన్న వస్తువు చూపించటం మేలు. ఇంట్లో 10 నంబరు పానా ఉన్నది. పాత గుడ్డ, ఒక పళ్ళెం సిద్ధం చేసుకున్నాం. పళ్ళెం ఎందుకంటారా? ఊడదీసిన నట్లూ వాషర్లూ పెట్టటానికి. నేల మీద పెడితే నట్టుకు కాళ్ళు వస్తాయి!

ముందుగా రిమ్ము తుడిపించాను. రిమ్ముకు ఇసుక ఉంటే రబ్బరును కోస్తుంది. నూనె ఉంటే రబ్బరు జారుతుంది. గొలుసుకు నూనె వేసే ఉత్సాహంలో కొందరు రిమ్ము మీద కూడా నాలుగు చుక్కలు పడేస్తారు. అది చాలా ప్రమాదం. ఘర్షణ అనేది గొలుసుకు శత్రువు, బ్రేకుకు ప్రాణస్నేహితుడు.

ఆ సైకిలుకు వైరు బ్రేకులు. హ్యాండిలు మీది పిడి నొక్కితే వైరు లాగుతుంది. పట్టకారు లాంటి రెండు చేతులు దగ్గరికి వచ్చి రబ్బర్లను రిమ్ముకు రెండు పక్కలా అదుముతాయి. నా పాత నల్ల సైకిలుకు వైరు లేదు, కడ్డీలే ఉన్నాయి. దానిలో రబ్బర్లు రిమ్మును పక్కనుంచి గాక లోపలి వైపునుంచి పైకి పట్టుకుంటాయి. పద్ధతి వేరయినా సూత్రం ఒకటే.

పిల్ల సైకిలుకు కుడివైపున కూచుని మొదటి రబ్బరు వేసింది. రబ్బరు ఒక రేకు తొడుగులో ఉంటుంది. ఆ తొడుగు ఒక కొస మూసి ఉంటుంది, రెండో కొస తెరిచి ఉంటుంది. పాత రబ్బరు ఎలా ఉన్నదో చూసి, మూసిన కొస సైకిలు ముందువైపుకు, అంటే తన కుడిచేతి వైపుకు, వచ్చేట్టు పెట్టింది. నట్టు బిగించింది. తరవాత సైకిలుకు ఎడమవైపుకు వెళ్ళి రెండోది వేసింది. ఈసారి కూడా మూసిన కొస తన కుడిచేతి వైపుకే పెట్టింది. చకచకా బిగించి, "అయిపోయింది, తాతయ్యా!" అన్నది.

మీరు ఒక్క క్షణం ఆగి, ఇందులో ఏమి పొరపాటు ఉన్నదో కనిపెట్టగలరేమో చూడండి.

నేను ఏమీ అనలేదు. "పిడి నొక్కి చూడమ్మా," అన్నాను. నొక్కింది. రెండు రబ్బర్లూ రిమ్మును చక్కగా పట్టుకున్నాయి. చక్రం కదలలేదు. "భేషుగ్గా ఉన్నది!" అన్నది.

అప్పుడు నేను హ్యాండిలు పట్టుకుని ముందు చక్రాన్ని కాస్త పైకెత్తాను. "ఒక కాగితం మడిచి, చక్రాన్ని మెల్లిగా ముందుకు తిప్పుతూ, రబ్బరు ఉన్నచోట కాగితాన్ని రిమ్ముకు ఆనించు. కాగితాన్ని అది ఎటు లాక్కుపోతుందో చూడు," అన్నాను.

పిల్ల అలాగే చేసింది. రిమ్ము కాగితాన్ని ముందుకు ఈడ్చింది.

"మరి బ్రేకు వేసినప్పుడు రబ్బరును ఎటు ఈడుస్తుంది?"

"ముందుకే."

"తొడుగులో రబ్బరు ముందుకు జారకుండా ఏది ఆపుతుంది?"

"మూసి ఉన్న కొస," అంటూ పిల్ల కుడివైపు చూసింది. ఎడమవైపుకు పరుగెత్తి చూసింది. ఎడమవైపున మూసి ఉన్న కొస వెనక్కు ఉన్నది. తెరిచిన కొస ముందుకు ఉన్నది. తన కుడిచెయ్యి మారలేదు గాని, తను కూచున్న పక్క మారింది మరి! గట్టిగా బ్రేకు వేసినరోజున ఆ రబ్బరు తొడుగులో నుంచి జారి ముందుకు ఊడి పడిపోయేది.

పిల్ల ముఖంలో నవ్వు పోయింది. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మెల్లిగా, "నిలబడి నొక్కితే బాగానే పట్టుకున్నది గదా, తాతయ్యా?" అన్నది.

"నిలబడ్డ సైకిలుకు అన్ని బ్రేకులూ మంచివేనమ్మా," అన్నాను.

"వెనకాల తమ్ముడు కూచుంటాడు," అన్నది పిల్ల. ఇంకేమీ అనలేదు. నట్టు విప్పి, రబ్బరు తిప్పి, మళ్ళీ బిగించింది. ఆ తరవాత ఇక చకచకలు లేవు. వెనక చక్రం రబ్బర్లు వేసేటప్పుడు ఒక్కొక్కటీ బిగించక ముందు, చక్రం ఎటు తిరుగుతుందో చేత్తో చూపించుకుంటూ, తనలో తాను చెప్పుకుంటూ వేసింది. నేను కోప్పడి చెప్పి ఉంటే ఆ పాఠం నాదయి ఉండేది. కాగితం ముక్క చెప్పింది గనక అది దాని పాఠమయింది.

ఇక రబ్బరును ఎక్కడ కూచోబెట్టాలన్నది రెండో సంగతి. రబ్బరు ముఖమంతా రిమ్ము మీదనే ఆనాలి. పైకి పోతే టైరును రాసి, కొన్నాళ్ళకు దాన్ని కోసేస్తుంది. కిందికి దిగితే రిమ్మును తప్పి చక్రపు పుల్లల్లోకి జారే ప్రమాదం ఉన్నది. పిడి వదిలేసినప్పుడు రిమ్ముకూ రబ్బరుకూ మధ్య 2, 3 మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. కొత్త రబ్బరు దళసరిగా ఉంటుంది గనక చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు వైరు కాస్త వదులు చెయ్యాలి. రబ్బరు అరిగిన కొద్దీ సందు పెరుగుతుంది. అప్పుడు వైరు బిగించాలి. పిడి ఎంత గట్టిగా నొక్కినా అది హ్యాండిలుకు తగలకూడదు. తగిలిందంటే ఇంకా నొక్కవలసిన బలం చేతిలో మిగిలి ఉన్నా, నొక్కటానికి చోటు లేదన్నమాట.

అన్నీ అయినాక పరీక్ష. ముందు నిలబడి, పిడి పదిసార్లు బలంగా నొక్కించాను. ఏ నట్టూ కదలలేదు. తరవాత ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకు తోయమన్నాను, చక్రం దొర్లలేదు. వెనక బ్రేకు పట్టుకుని అలాగే తోయించాను. అప్పుడు మా సందులో, చదును నేల మీద, నడిచే వేగంతో తొక్కి ఆపమన్నాను. ఆ తరవాత కాస్త వేగంగా. తమ్ముడు "నేనూ ఎక్కుతా!" అని ఏడుపు మొదలుపెట్టాడు. "ఇంకా మెకానిక్కు చూడలేదురా," అని అక్కే వాణ్ణి ఆపింది.

సందు చివర మెకానిక్కు చాలా అనుభవం గలవాడు. చక్రం తిప్పి చూశాడు. నాలుగు రబ్బర్లనూ వేళ్ళతో పట్టి ఊపాడు. తొడుగుల కొసలు చూశాడు. "ఎవరు వేశారు, మాస్టారూ?" అన్నాడు. నేను పిల్లను చూపించాను. "బాగానే వేశావు, పాపా. కొత్త రబ్బరు కుదురుకుంటుంది, వైరు కూడా కొంచెం సాగుతుంది. వారం తొక్కి మళ్ళీ బిగించుకో," అన్నాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

మీరు ఈ పని చేసేటట్టయితే పెద్దవాళ్ళు దగ్గర ఉండగా చెయ్యండి; చేశాక తెలిసినవాళ్ళకు చూపించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. రెండు జతల కళ్ళు ఒక జత కన్న మేలు.

ఇలా దారి మధ్యలో బ్రేకు బాగు చేయించుకున్న ఒక తల్లి కథ చెబుతాను. జర్మనీలో కార్ల్ బెంజ్ అనే ఆయన మోటారు బండి తయారు చేశాడు గాని, అది దూరప్రయాణానికి పనికివస్తుందని జనానికి నమ్మకం కలగలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా, తన ఇద్దరు కొడుకులనూ ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తన తల్లిని చూడటానికి ఆ బండిలో బయలుదేరింది. దూరం నూరు కిలోమీటర్లకు పైగా. అప్పటికి పెట్రోలు బంకులు ఎక్కడివి? దారిలో మందుల షాపులో ఇంధనం కొన్నది. నూనె గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి శుభ్రం చేసింది. కొండదారిలో దిగేటప్పుడు బ్రేకు దిమ్మలు అరిగిపోయినాయి. ఆవిడ ఒక ఊళ్ళో బండి ఆపి, చెప్పులు కుట్టే అతని చేత ఆ దిమ్మలకు తోలు కొట్టించింది! బ్రేకులకు తొడుగు వెయ్యటం అప్పుడే మొదలయిందని చెబుతారు. చూశారా? అసలు దిమ్మ అరగకుండా, మార్చటానికి వీలయినది ఇంకొకటి అరగాలి అన్న ఉపాయం, బిడ్డలతో కొండ దిగుతున్న తల్లికి తట్టింది.

ఇప్పటి మోటారు కార్లలో రబ్బరుకూ తోలుకూ బదులు గట్టి మిశ్రమంతో చేసిన బ్రేకు ప్యాడ్లు ఉంటాయి. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్ళేన్ని అవి రెండు వైపులా పట్టుకుంటాయి. వాటిని కూడా కొందరు ఇంటి దగ్గరే మార్చుకుంటారు. కాని అది పిల్లల పని కాదు. వెయ్యి కిలోల కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతే, దానిలో ఉండే శక్తి 1,12,500 జౌళ్ళు. మన సైకిలుకు 150 రెట్లు! ఆ ప్యాడ్లు మార్చాలంటే కారును జాకీతో ఎత్తి, దాని కింద బలమైన స్టాండ్లు పెట్టాలి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టటమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. పైగా ఆ బ్రేకుల్లో పేరుకునే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, నోటితో ఊదరాదు. మీ నాన్నగారో, మెకానిక్కో చేస్తూ ఉంటే దూరంగా నిలబడి చూడండి. మీరు సైకిలులో చూసినదే అందులోనూ కనిపిస్తుంది: తిరిగేది ఒకటి, దాన్ని పట్టుకునేది ఒకటి, అరిగేది ఒకటి.

బడులు తెరిచిన మొదటిరోజు మా మనవరాలి సైకిలు వెంట నేను నా నల్ల సైకిలు మీద వంతెన దాకా వెళ్ళాను. తమ్ముడు వెనక కూచుని ఉంటే బరువు 60 నుంచి 80 కిలోలకు పెరిగింది. అంటే బ్రేకు పని మూడో వంతు పెరిగిందన్నమాట. ఈ లెక్క అంతకు ముందురోజు రాత్రి పిల్లే వేసింది. వంతెన మీది నుంచి దిగేటప్పుడు అది వేగం వచ్చాక బ్రేకు వెయ్యలేదు. వేగం రాకుండానే రెండు బ్రేకులూ మెల్లిగా పట్టుకుంటూ దిగింది. మన సైకిళ్ళలో సాధారణంగా కుడిచేతి పిడి ముందు చక్రానిది. ఆపే బలం ముందు బ్రేకుకే ఎక్కువ. కాని దాన్ని ఒక్కదాన్నే హఠాత్తుగా పడితే సైకిలు ఆగి మనిషి ముందుకు ఎగిరిపడతాడు. అందుచేత రెండూ కలిపి పట్టాలి.

వానలు మొదలైనాక ఇంకొక సంగతి కూడా తెలుసుకున్నది. రిమ్ము తడిసినప్పుడు రబ్బరు దాన్ని సరిగా పట్టదు. అలాంటప్పుడు ముందుగానే పిడి కొంచెం నొక్కితే, రబ్బరు రిమ్ము మీది నీటిని తుడిచేస్తుంది. ఆ తరవాత బ్రేకు పడుతుంది. వానలో వేగం తగ్గించటం అన్నిటికన్న మంచిది.

వారం గడిచింది. ఆదివారం పొద్దున్న నేను పేపరు చదువుకుంటూ ఉంటే, వాకిట్లో పానా చప్పుడు వినిపించింది. మెకానిక్కు చెప్పిన మాట నేను జ్ఞాపకం చెయ్యనే లేదు. పిల్ల తనంతట తానే సైకిలు ముందు కూచుని ఒక్కొక్క నట్టూ చూస్తున్నది. తమ్ముడు పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మా కోడలు గుమ్మంలో నిలబడి చూస్తున్నది. ఈసారి ఆవిడ ఏమీ అనలేదు.

పిల్లలూ! మీ ఇంట్లో సైకిలు ఉంటే ఈ సాయంత్రమే దాని దగ్గరికి వెళ్ళి రబ్బర్లు చూడండి. గాళ్ళు కనిపిస్తున్నాయా? తొడుగు మూసి ఉన్న కొస ముందుకు ఉన్నదా? రబ్బరు టైరును రాస్తున్నదా? పిడి హ్యాండిలుకు తగులుతున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు తెలుసుకోవటానికి రెండు నిమిషాలు చాలు. ఒక్కదానికి జవాబు సరిగా లేకపోయినా, దాన్ని సరిచేసేదాకా ఆ సైకిలు మీద మీరూ ఎక్కకండి, మీ తమ్ముణ్ణీ చెల్లెల్నీ ఎక్కించకండి.